నాలుగో కాగితం

కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర ఇప్పుడు జిరాక్సు షాపు నడుపుతున్న పాండీశ్వరికి ఒకప్పుడు విరుదునగర్‌లో మంచి ఉద్యోగముండేది. తల్లి అంగమ్మాళ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చి ఆమెను చదివించింది. రెండువేల సంవత్సరంలో కంప్యూటరు కోర్సు ముగించి, బిల్డింగు కంట్రాక్టరు కందసామి ఆఫీసులో చేరింది. తమిళనాడులో పుట్టి పెరిగినా ఆమె ఇంట్లో మాట్లాడేది తనలాగే తెలుగని తెలిసిన రోజునే ఆయన కరిగిపోయాడు.

"మొదలాళీ, యజమానీ అనొద్దు అమ్మణ్ణీ. నువ్వు మనింటి పిల్లవి. చిన్నాయనా అను" అన్నాడు.

ఆ ఒక్క పిలుపుకు ఆమె ఏడేళ్లు గొడ్డుచాకిరి చేసింది. రోజూ కోవిల్‌పట్టి నుంచి బస్సులో వేలాడుతూ వెళ్లి, వేలాడుతూ వచ్చింది. నమ్మకమైన పిల్ల అని కందసామి అన్న మాటను అంగమ్మాళ్ వీధి వీధినా చెప్పుకునేది.

ఆఫీసు హాల్లో కూర్చునే పదిమందికీ అరవం తప్ప మరొకటి రాదు. అందుకని కందసామి తన గుట్టంతా తెలుగులో నడిపేవాడు. టెండరు వేసే రోజు ఆలంగుళంలో సిమెంటు లోడు దగ్గర నిలబడి ఫోన్ చేసేవాడు. స్పీకరు పెట్టించుకుని, చివరి రేటు తెలుగులో గట్టిగా అరిచేవాడు. పాండీశ్వరి దాన్ని కంప్యూటర్లో కొట్టి, కవరుకు లక్క వేసి పంపేది. తమ భాషను మించిన బీరువా లేదని ఇద్దరూ మురిసిపోయేవారు.

రెండువేల ఏడులో మూడు బడి కట్టడాల టెండర్లు వరసగా చేజారాయి. ప్రతిసారీ పోటీ కంట్రాక్టరు రేటు వెంట్రుకవాసి తక్కువ. కంప్యూటర్లోకి ఎవరో దూరుతున్నారని కందసామికి అనుమానం. ఆఫీసు గుట్టు ఏ సందునుంచి బయటికి పోతోందో వెతికిపెట్టే వెళ్ళైసామిని మదురై నుంచి పిలిపించాడు. ఆయన రెండు రోజులు అన్నీ గాలించాడు. గోడకు అంటించిన పాస్‌వర్డు దొరికింది. అందరూ వాడే ఒకే లాగిన్ దొరికింది. కానీ రేటు అక్కడినుంచి పోలేదు. అది కంప్యూటరెక్కక ముందే పోటీవాడి చెవిన పడుతోంది.

"ఫోన్లో మాట్లాడేది ఏ భాష? ఇక్కడ అది ఎవరెవరికి తెలుసు?" అని ఆయన అడిగాడు.

"మా తెలుగు సార్. చిన్నాయనకు, పక్క గదిలో లెక్కలు చూసే ఆయన అక్క కొడుకు సరవణకుమార్‌కు, నాకు. ముగ్గురికే" అని పాండీశ్వరి గొప్పగా చెప్పింది.

వెళ్ళైసామి రాసిన రిపోర్టు నాలుగు కాగితాలు. ప్రింటు తీసి కందసామి చేతికిచ్చింది ఆమే. మూడో కాగితం చివర ఆ ముగ్గురి పేర్లున్నాయి. నాలుగో కాగితంలో ఆఫీసు సెల్‌ఫోన్ల బిల్లు వివరం. మూడు టెండర్ల రోజుల్లోనూ, రేటు చెప్పిన ఐదు నిమిషాల్లోపే, సరవణకుమార్ పోటీ కంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. అది చదివి పాండీశ్వరికి కళ్లనీళ్లు తిరిగాయి. సొంత అక్క కొడుకే ఇట్లా చేస్తే చిన్నాయన ఎట్లా తట్టుకుంటాడో అని ఏడ్చింది. ఆయన కోసం ఏడ్చింది!

ఆయన బాగానే తట్టుకున్నాడు. మర్నాడు అందరినీ హాల్లో నిలబెట్టి మూడు కాగితాలే చదివాడు. ముగ్గురిలో తాను దొంగ కాదు, తన అక్క కొడుకు దొంగ కాదు, ఇక మిగిలిందెవరని అడిగాడు. "రేపట్నుంచి రావద్దు" అన్నాడు. ఏడేళ్లలో మొదటిసారి ఆమెతో అరవంలో మాట్లాడాడు.

పాండీశ్వరి ఆయన ముందుకు వచ్చి నిలబడింది. ఆ నాలుగో కాగితం సంగతి అరవంలో అరిచి ఉంటే అక్కడే తేలిపోయేది. అరవం రాక కాదు. ఇంటిమనిషితో తగవు ఇంటిమాటలోనే తీరాలనుకుంది, పిచ్చి తల్లి.

"నాలుగు కాయితాలు ఇస్తిని గదా చిన్నాయనా! నాలుగోది యాడుండాది? నీ జోబిలోనే ఉండాది గదా?"

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. మేస్త్రి పొన్నుసామి ఆగలేక, "ఏమంటోంది మొదలాళీ?" అని అరవంలో అడిగాడు.

కందసామి జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"తప్పయిపోయిందట. మన్నించమంటోంది" అని అందరికీ అరవంలో చెప్పాడు.

ఇక ఏ భాషలో చెప్పినా ఎవరూ నమ్మరని తెలిసి పాండీశ్వరి కోవిల్‌పట్టి బస్సెక్కింది.