ఎస్టివేట్ సారు

రఘుపతి సారుకు ఒకటే రోగం. ఏ మాట ఎత్తినా తీసుకుపోయి ఎస్టివేట్ గుంజకే కట్టేస్తాడు. జువాలజీలో పీజీ చేసి, గల్ఫ్‌లోని ఇబ్రి సైట్‌లో కూలీల హాజరు రాసుకునే మనిషికి అంతకన్నా ఆస్తి లేదని, డిగ్రీ మధ్యలో వదిలేసి అదే సైట్‌కు కూలీగా వచ్చిన సురేందర్ తీర్పు.

"ఎండలు ముదిరితే నత్త గుల్లలకు దూరి, మూతి మూసుకొని, వానలు పడేదాక పంటది. అదే ఎస్టివేట్. లాటిన్ల ఐస్టాస్ అంటే ఎండకాలం."

రూమ్‌లో పప్పు మాడితే సారు ఇదే చెప్పాడు. సురేందర్ పన్నునొప్పితో దవడ పట్టుకుని కూర్చుంటే, ఆఫ్రికా చేప ఒకటి బురదలో నెలలకు నెలలు ఎలా పడుకుంటుందో గంటసేపు చెప్పాడు. పన్నునొప్పే నయమనిపించింది.

"సారూ, ఈ లాటిన్ మాట్లాడేటోళ్లు ఏడుంటరు?"

"ఇప్పుడెవ్వరు లేరు."

"నీ అసొంటోనికి దొరికి పోయింటరు."

సారుకు చురక తగల్లేదు. తోలు మందం.

జూన్ వచ్చింది. సర్కారు రూలు ప్రకారం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని బంద్. అందరూ కూలర్ ఉన్న షెడ్డులో వాలిపోయేవారు. స్లాబ్ పని వెనకబడిందని ఫోర్‌మన్ అర్ఫాత్ రెండు రోజులు మూడింటికే లేపాడు. రెండో రోజు, అందరికన్నా పెద్దవాడైన గంగన్న ఎండకు కళ్లు తిరిగి పడిపోయాడు. ఆ తర్వాత అర్ఫాత్ షెడ్డులోకి రాలేదు. బుద్ధొచ్చిందనుకున్నారు.

వారానికి, గొంతులు వినబడి సురేందర్ ఒక కన్ను తెరిచాడు. సారు గడపకు అడ్డంగా నిలబడి అర్ఫాత్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఛోడో మాస్టర్‌జీ. స్లాబ్ కా కామ్ హై."

"ఏక్ మినిట్ భాయ్. పహలే లాటిన్ సునో."

నత్త అయింది. చేప అయింది. రోమ్ సైన్యం ఎండాకాలపు డేరాలూ అయ్యాయి. సారు కళ్లు మాత్రం గోడ గడియారం మీదే ఉన్నాయి. సురేందర్‌కు అప్పుడు ఎక్కింది. వారంగా ఈ మనిషి ఒక్క కునుకు తియ్యలేదు.

మూడూ ఇరవైకి సారు సరుకు నిండుకుంది. అర్ఫాత్ చెయ్యి విడిపించుకుని లోపలికి అడుగేశాడు. గంగన్న గురక పెడుతున్నాడు.

సురేందర్ లేచి కూర్చున్నాడు.

"సారూ, నాకొక డౌటు. మరి చలికాలం పండేటియి ఉంటయి గద, వాటికి లాటిన్ల ఏమంటరు?"

సారు ముఖం వెలిగిపోయింది. అర్ఫాత్ చెయ్యి మళ్లీ దొరకబుచ్చుకున్నాడు.

"బైఠో భాయ్. హైబర్నేట్ బతాతా హూఁ."

అర్ఫాత్ సురేందర్‌ను కొరికేసేటట్టు చూసి, గడప మీదే కూలబడ్డాడు.