రిపోర్టరమ్మకు వచ్చిపడ్డ రక్షణ

చెయ్యి విరిగాక గానీ మా వీధి రిపోర్టరమ్మ మంచి విలేఖరి అని ఎవరికీ తెలియలేదు. రాళ్ల క్వారీలో పేలుడు జరిగి కూలీలు చనిపోతే ఆ సంగతి కప్పిపెట్టారని పేపర్లో రాసింది. క్వారీ ఓనరు మనుషులు పట్టపగలు ఆఫీసు మెట్ల మీదే ఆవిడ ఎడమచెయ్యి విరగ్గొట్టారు. అధికారులు తీవ్రంగా ఖండించారు. ఖండించడంలో వాళ్లది అందె వేసిన చెయ్యి. కొట్టినవాళ్లను పట్టుకోవడం కాస్త శ్రమట. అందుకని దెబ్బలు తిన్నావిడకే గన్‌మన్‌ని కాపలా పెట్టారు.

గన్‌మన్ బుద్ధిమంతుడు. తుపాకీ సోఫాకు ఆనించి, రిపోర్టరమ్మ అత్తగారు అడిగితే పై అరలో డబ్బాలు దించిపెట్టేవాడు.

"మావాడు ఇన్నేళ్లలో ఒక్క డబ్బా దించిన పాపాన పోలేదు" అని ఆవిడ పక్కింటావిడ దగ్గర మురిసిపోయింది.

చిక్కల్లా బయటే. రిపోర్టరమ్మ వెనకాల తుపాకీ కనిపించగానే టీకొట్టు బల్లలు ఖాళీ. పేలుడు కళ్లారా చూసిన కూలీ ఒక్కడే మిగిలాడు. అతను నోరు విప్పితేనే వార్తకు రెండో భాగం. అతనేమో ఫోన్లో గోల పెట్టాడు.

"అక్కా, నీ పక్కన తుపాకీ ఉంది. నా పక్కన మా ఆవిడ తప్ప ఎవరున్నారు? రేపు ఊరొదిలి పోతున్నా. వస్తే ఒక్కదానివే రా."

రిపోర్టరమ్మ గన్‌మన్‌ని బతిమాలింది. "తమ్ముడూ, రేపొక్క పూట నన్నొదిలెయ్."

"కుదరదక్కా. మీరెవర్ని కలిశారో రోజూ స్టేషన్లో చెప్పాలి."

"స్టేషన్‌వాళ్లు ఎవరికి చెబుతారు?"

అతను బుర్ర గోక్కున్నాడు. "అది నాకు చెప్పరక్కా."

మర్నాడు అత్తగారు కోడల్ని వంటింట్లోకి లాగింది. "నువ్వు పెరటి తలుపులోంచి వెళ్లవే. వీణ్ణి నేను చూసుకుంటా." వెంటనే హాల్లోకి వచ్చి స్టూలు చూపించింది. "బాబూ, ఫ్యాను రెక్కలు చూడు, ఎంత దుమ్ము పట్టాయో!"

స్టూలెక్కినవాడికి కిటికీలోంచి సందు చివరిదాకా కనిపిస్తుంది. అందులో కట్టు కట్టిన చేత్తో గబగబా పోతున్న మనిషి కూడా. అతను రెక్కలు తుడుస్తూనే ఉన్నాడు.

సాయంత్రం ఫోన్లో పైఅధికారి అడిగాడు. "ఎక్కడికెళ్లింది?"

"ఇల్లు కదల్లేదు సార్."

"ఎవర్ని కలిసింది?"

"వాళ్ల అత్తగార్ని సార్."

కూలీ క్షేమంగా ఊరు దాటాడు. అతని పేరు లేకుండా రెండో భాగం అచ్చయింది. ఆ పొద్దున్నే గన్‌మన్‌ని వెనక్కి పిలిపించారు. ఇల్లు కదలని మనిషికి ప్రమాదమేమిటని!

అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏంటండీ, ఎండలో?" అంది పక్కింటావిడ.

"డ్యూటీలో ఉన్నా. మాట్లాడించకు."