పుల్లన్న రెండు డబ్బాలు

హిందూపురం రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో పుల్లన్న ముప్పై ఒక్క ఏళ్లుగా కాఫీ కలుపుతున్నాడు. అందరూ మాస్టర్ అంటారు. నెల కిందట జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో తగ్గింది. ఐదో రోజు పనిలోకి వెళ్లి ఫిల్టర్ మూత తీస్తే వాసన రాలేదు. వేడి ఆవిరి ముఖానికి తగిలింది, అంతే.

ఎవరికీ చెప్పలేదు. చెంచాల లెక్క చేతికి తెలుసు. పాల పొంగు కంటికి తెలుసు. అలా నెట్టుకొచ్చాడు. శనివారం మాత్రం పులుపు తిరిగిన పాలు పొయ్యి మీద పెట్టాడు. ముందు బల్ల దగ్గర ఒకాయన గ్లాసు ముక్కు దాకా ఎత్తి, తాగకుండా దించేశాడు.

యజమాని రాఘవేంద్ర కౌంటర్ లోంచి లేచి వచ్చాడు. “ఏం మాస్టరూ, పాలు చూసుకోలేదా?”

“పొరపాటైంది సామీ.”

ఒకసారికి పొరపాటు. రెండోసారికి ఆ మాట చెల్లదు. వాసన తెలియని మాస్టర్‌ను ఏ హోటలూ ఉంచుకోదు. పుల్లన్నకు వేరే పని రాదు.

మరుసటి రోజు ఆదివారం. మధ్యాహ్నం కూతురు రేఖ, అల్లుడు నరసింహ పెనుకొండ నుంచి బస్సులో వచ్చారు. నరసింహ అక్కడి కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేస్తాడు. భోజనాలయ్యాక చేతిసంచి పట్టుకుని మామ ముందు నిలబడ్డాడు. సంచిలో తువ్వాలు చుట్టిన సీసా ఉంది.

“మామా, మా ఆఫీసరు వాళ్ల దేశం పోతా పోతా ఇచ్చినాడు. టెకీలా అంట. దాన్ని కాఫీలో కలుపుకుని తాగుతారంట. నువ్వు తప్పుగా అనుకోకుంటే...”

“కాఫీలో సారాయా!” పుల్లన్న భార్య మునియమ్మ వంటింటి గడపలో కూర్చుని తమలపాకులు సర్దుకుంటోంది. “ఏమప్పా, వాళ్ల దేశంలో పాలకు అంత కరువొచ్చె?”

“సారాయి కాదత్తా. సీసా చూడు, ఎంత అందంగా ఉండాదో.”

“సీసా నాకిచ్చి లోపలిది మీరు తాగండి. ఉద్దిపప్పు పోసుకుంటా.”

పుల్లన్న నవ్వాడు. అల్లుడు ఫోన్ తీసి చదివాడు. చిక్కటి డికాషన్ ఒక వంతు. టెకీలా ఒకటిన్నర వంతు. తీపికి ఇంకేదో కాఫీ మందు. ఐసుతో కలిపి మూత పెట్టి గిలకొట్టాలి. పైన నురుగు నిలబడాలి.

“ఆ ఇంకో మందు యాడ దొరకాల మామా?”

“బెల్లం పాకం పోస్తే సరి. డికాషన్ నేను దించుతా, కూర్చో.”

ఆ వీధిలోని నలభై గడపల్లో కాఫీ పొడి ఒక డబ్బాలో ఉంటుంది. పుల్లన్న ఇంట్లో రెండు. ఒకదాంట్లో కాఫీ, ఒకదాంట్లో దానికి కలిపే చికోరీ వేరు పొడి. కలిపి అమ్మే పొడి మీద ఆయనకు నమ్మకం లేదు. ఇంట్లోనైనా హోటల్లోనైనా ఎప్పటికప్పుడు తనే కలుపుకుంటాడు. రెండు డబ్బాలూ ఒకే అంగడిలో కొన్నవి, ఒకటే సైజు. వాటి మీద పేర్లు లేవు. మూత తీయగానే తెలిసేదానికి పేరెందుకు అనుకున్నాడు.

నాలుగు చెంచాలు ఒకదాంట్లోంచి, ఒక చెంచా ఇంకోదాంట్లోంచి వేశాడు. అదిమాడు. సలసలకాగే నీళ్లు పోసి మూత పెట్టాడు.

మొదట నాలుగు చుక్కలు పడ్డాయి. తర్వాత చప్పుడు లేదు. పుల్లన్న చెవి ఫిల్టర్‌కు దగ్గరగా పెట్టాడు. పావుగంటయినా కిందికి రెండు చెంచాలు దిగలేదు. పై గిన్నె మూత తీశాడు. పొడి ఉబ్బి, చెరువు అడుగు బురదలా గట్టిగా పట్టుకుంది. నీళ్లు దాని మీద నిలిచి ఉన్నాయి.

చికోరీ. డబ్బాలు తారుమారై నాలుగు చెంచాలూ అదే పడింది.

వెనక్కి తిరిగి చూశాడు. తల్లీకూతుళ్లు ఎవరిదో పెళ్లి చీర గురించి మాట్లాడుకుంటున్నారు. ధర్మవరంలో మగ్గం దగ్గరే తీసుకున్నారట. దీన్ని పారబోసి మళ్లీ వేయవచ్చు. ఎవరూ చూడరు. రేపు హోటల్లో కూడా ఎవరూ చూడకపోవచ్చు. ఎల్లుండి?

“మామా, ఒకసారి దీని వాసన చూడు,” అంటూ నరసింహ సీసా బిరడా తీసి అందించాడు.

అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చూసినట్టు నటించి ఇచ్చేద్దామనుకున్నాడు. కానీ ఏదో వచ్చింది. సన్నగా, దారమంత. పచ్చిగా, కాస్త ఘాటుగా.

“ఇది కిత్తలి,” అన్నాడు.

“కిత్తలా? కంచె కింద వేస్తారే, అదా?”

“మా తలుపుల ఊళ్లో మా నాయన తాళ్లు పేనేవాడు. మట్టలు కోసి బండ మీద దంచేది నేను. చేతులు దురదలు పుట్టేవి. ఆ పసరు వాసనే ఇది.”

నరసింహ ఫోన్‌లో వెతికాడు. నీలంగా ఉండే మట్టల బొమ్మ చూసి కళ్లు పెద్దవి చేశాడు. “ఆ జాతి చెట్టే మామా! అబ్బా, ఏం ముక్కు నీది!”

పుల్లన్న సీసా తిరిగి ఇచ్చేశాడు. ఒక డబ్బా మూత తీసి ముక్కు ఆనించాడు. ఏమీ లేదు. రెండోది తీశాడు. ఏమీ లేదు. తర్వాత రెంటినీ తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

“రేఖా, ఇందులో కాఫీ ఏదో చెప్పమ్మా.”

రేఖ తండ్రి ముఖం చూసింది. వంగి వాసన చూసి, కుడివైపు డబ్బా ముట్టుకుంది. “ఎన్నాళ్ల నుంచి నాయనా?”

“జ్వరం కాడ్నుంచి.”

“అదా సంగతి!” అంది మునియమ్మ. “మొన్న పప్పు అడుగంటితే కూడా బాగుందంటివి. నా చెయ్యి అట్లాంటిదేమో అనుకుంటి.”

ఎవరో ముందు నవ్వారు. పుల్లన్న కూడా నవ్వాడు. మునియమ్మ మాత్రం ఆకులు వదిలేసి లేచి వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం ఎప్పుడో పోయిందని ఆమెకూ తెలుసు.

ఈసారి డికాషన్ సరిగ్గా దిగింది. నీళ్ల తొట్టిలో గిన్నె పెట్టి చల్లార్చారు. నరసింహ టిఫిన్ డబ్బాలో డికాషన్, టెకీలా, పాకం, అంగడి నుంచి తెచ్చిన ఐసు వేసి గిలకొట్టాడు. సగం మూతలోంచి చొక్కా మీద పడింది.

“ఇట్లా తే,” అన్నాడు పుల్లన్న.

ఐసు ఏరి పక్కన పెట్టాడు. రెండు పొడుగు గ్లాసులు తీసుకుని తిరగపోశాడు. ఒక చెయ్యి తల మీదికి లేచింది, ఒకటి నడుము కిందికి దిగింది. మధ్యలో నల్లటి ధార రెండు మూరలు సాగింది. ఒక్క చుక్క నేల మీద పడలేదు. ఐదోసారికి పైన వేలెడు నురుగు కట్టింది.

నరసింహ గ్లాసు తీసుకుని, మామ ఎదుట తాగలేక గోడ వైపు తిరిగాడు. ఒక గుటక వేసి, అటు తిరిగే, “బ్రహ్మాండం మామా,” అన్నాడు. పుల్లన్న ఒక చెంచా నాలుక మీద వేసుకున్నాడు. చేదు, తీపి, గొంతులో వేడి. కాఫీ ఎక్కడా లేదు.

సాయంత్రం వాళ్లు వెళ్లాక దండేనికి కట్టిన పాత కిత్తనార తాడు నుంచి రెండు పోగులు విప్పాడు. ఒకటి చికోరీ డబ్బాకు చుట్టి ముడి వేశాడు. ఇంకోటి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం తెల్లవారాక హోటల్‌కు వెళ్లి, పొయ్యి వెలిగించకముందే రాఘవేంద్ర దగ్గరికి వెళ్లాడు.

“సామీ, నాకు వాసన తెలీడంలేదు. నెలయింది. పాలు ఇంకెవరన్నా చూడాల. మిగతాది నేను చేస్తా. వద్దంటే పోతా.”

రాఘవేంద్ర తల ఎత్తి చూశాడు. “ఈ నెలంతా నాకిచ్చిన కాఫీ?”

“చేతి లెక్క సామీ.”

రాఘవేంద్ర లేచి పాల క్యాను దగ్గరికి వెళ్లాడు. మూత తీసి వంగాడు.

“బాగుండాయి,” అన్నాడు. “పొయ్యి మీద పెట్టు.”

పుల్లన్న ముందు హోటల్లోని చికోరీ డబ్బాకు జేబులోని నార పోగు చుట్టాడు. తర్వాత అగ్గిపుల్ల గీశాడు.