నిప్పు లేని పెట్టెలో వేడన్నం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అమలాపురంలో మా వీధికల్లా మొదటి మైక్రోవేవ్ మా ఇంటికే వచ్చింది. మా ఆయన కాకినాడ నుంచి బస్సులో కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చారు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చి వెళ్లింది. నాకు గొప్పలు చెప్పుకోవడానికి కాదు, ఒక్క పని కోసం కావలసి వచ్చింది. మా అత్తయ్యగారి చేత వేడన్నం తినిపించాలి.

అత్తయ్యగారిది నిప్పులు కడిగే ఆచారం. తెల్లారకుండానే మడి కట్టుకుని వంటకి దిగేవారు. తొమ్మిదయ్యేసరికి బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్లే నాకు, ఆఫీసుకి వెళ్లే మా ఆయనకి, ఎక్కడికీ వెళ్లని మావయ్యగారికి పొగలు కక్కే అన్నం వడ్డించేవారు. ఆ తరవాత పూజ, పారాయణ. ఆవిడ విస్తరి ముందు కూర్చునేసరికి రెండు దాటేది. మళ్ళీ వేడి చేసుకోవచ్చు కదా అంటే, ఒకసారి దించిన గిన్నె మళ్ళీ పొయ్యెక్కకూడదని ఆ ఇంటి పద్ధతి. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ, నలభై ఏళ్ల పైమాటే, ఆవిడ తిన్నది చల్లారిన మెతుకులే. ఆదివారాలు ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీద మండాలో మాత్రం తెలిసేది కాదు.

పెట్టెతో పాటు వచ్చిన పుస్తకం తెరవగానే నీరుగారిపోయాను. లోహపు గిన్నెలు పెట్టకూడదట. మా వంటింట్లో ఉన్నవన్నీ ఇత్తడీ స్టీలూ. పింగాణీ, గాజు మడికి పనికిరావు, ఆ గడప తొక్కి ఎరగవు. పోనీ, ముందు పెట్టె సంగతేమిటో చూద్దామని వీధి గదిలో బల్ల మీద పెట్టి, బజార్లో కొన్న గాజుగిన్నెతో నా ప్రయోగాలు మొదలుపెట్టాను.

ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు. అప్పడం నూనె చుక్క లేకుండా పొంగింది. మిగిలిన ఉప్మా మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి పెడితే అప్పుడే దించినట్టు వచ్చింది. గారె మాత్రం చెప్పు అట్టలా తయారైంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మంచి రుచిగా ఉండేది కాస్తా, వేడెక్కాక చేదు విషం. ఇక పనసగింజల సంగతి చెప్పనక్కర్లేదు. కుంపట్లో కాల్చుకుని తినే అలవాటు కొద్దీ ఓ గుప్పెడు లోపల పడేశాను. నిమిషం గడిచిందో లేదో టపటపా పేలడం మొదలెట్టాయి. అరుగు మీద కునుకు తీస్తున్న మావయ్యగారు లేచి వీధిలోకి పరుగు తీశారు. పెట్టె లోపల గోడలకి అంటుకున్న పిండి గోకడానికి నాకో పూట పట్టింది.

శనివారం ఉదయం ఇంట్లో పొట్టిక్కలు వేశారు. నాలుగు పనసాకుల్ని ఈనుపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఉడికించేవి. బడి నుంచి వచ్చి, మిగిలిన ఓ పొట్టిక్కని ఆకుబుట్టతో సహా పెట్టెలో పెట్టాను. అర నిమిషం తరవాత తలుపు తీస్తే పనసాకు వాసన గది నిండా గుప్పుమంది. లోపల ఇడ్లీ దూదిపింజే. అన్నిటికన్నా ఇదే బాగుందని గబగబా తింటూ తింటూ, చేతిలో ఉన్న ఆకుబుట్ట కేసి చూసి ఎగిరి గంతేశాను. ఆకు లోహం కాదు! మడికి అడ్డమూ కాదు! గిన్నె కోసం నేను బజారంతా తిరుగుతుంటే, అది మా పెరట్లో చెట్టుకే వేలాడుతోంది.

గిన్నె దొరికింది సరే, పద్ధతి మాటేమిటి? అత్తయ్యగారు వారం రోజులుగా ఆ గది గుమ్మం దాటలేదు గానీ ఓ కన్ను అటే వేసి ఉంచారు. ఆ సాయంత్రం అందులో నిప్పెక్కడుందని అడిగారు. నిప్పు లేదని, అన్నంలో ఉన్న తడే కదిలి కదిలి వేడెక్కుతుందని, గిన్నెకి బదులు ఆకుబుట్ట చాలని బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పాను. దీపం పెట్టే వేళైందంటూ లోపలికి వెళ్లిపోయారు. అయిపోయింది అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. పారాయణ ముగించి లేస్తూ అన్నారు.

"దించిన గిన్నె పొయ్యి మీద పెట్టొద్దని మా అత్తగారు చెప్పేరమ్మాయ్. నిప్పే లేనప్పుడు అది పొయ్యెలా అవుతుంది?"

"ఆయ్, అవదండీ" అన్నాను.

నేను మడిలో లేను కాబట్టి ఇక పెట్టెని ముట్టుకోకూడదు. ప్లగ్గు పీకించి, తడిగుడ్డతో దానికి ఆవిడే స్నానం చేయించి, ఆరాక ప్లగ్గు తనే పెట్టారు. మీటల మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. ఏది నొక్కాలో నేను గుమ్మం అవతల నుంచి చెబితే, గుర్తుకని ఆ మీటకి కుంకం బొట్టు పెట్టారు. ఒక ఆకుబుట్టలో అన్నం, ఇంకో దాంట్లో ముద్దపప్పు సర్ది లోపల పెట్టి తలుపు వేశారు. వేలు బొట్టు మీదకి వెళ్లిందో లేదో, కరెంటు పోయింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ బుట్టలు తీసుకుని ఎప్పట్లాగే తినేస్తారనుకున్నాను. ఆవిడ పీట వాల్చుకుని పెట్టె ఎదురుగా కూర్చున్నారు. "రానీ" అన్నారు. తన కోసమంటూ ఆవిడ దేనికైనా ఎదురుచూడడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

మూడున్నరకి నెత్తి మీద ఫ్యాను కదిలింది. నేను చప్పట్లు కొట్టాను. అత్తయ్యగారు లేచి మీట నొక్కారు.

విస్తట్లో వడ్డించుకుని, నెయ్యి వేసుకుని, అన్నంలో చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నారు. కాలుతున్న ఇత్తడి గిన్నెని పట్టుకారు లేకుండా దించే చెయ్యి అది. ఓసారి వేళ్ల కేసి చూసుకుని, మెల్లగా కలుపుకుని, ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఊదుకున్నారు. ఇంకోసారి ఊదుకున్నారు. నమిలి మింగేదాకా నేను గుమ్మం పట్టుకునే నిలబడ్డాను. ఎలా ఉందని అడిగాను.

"మీ మావయ్యగారు ముద్ద ముద్దకీ ఊదుకుంటుంటే, ఎందుకింత తాత్సారమని రోజూ విసుక్కునేదాన్నమ్మాయ్" అన్నారు. "ఇంత వేడిగా వడ్డిస్తున్నానని నాకేం తెలుసు?"