ఎర్రావు మెడలో పాట

హోసూరులో మా ఫ్యాక్టరీ బస్సు డ్రైవరుకు పాత పాటల పిచ్చి. మొన్న సాయంత్రం షిఫ్టు విడిచాక ఒక పాట పెట్టాడు. మొదట ఈల, వెంటనే డప్పు, ఆ తర్వాత కాస్త ముక్కుతో పాడే మగ గొంతు. సగం బస్సు అందుకుంది. నేను చదువుకునే రోజుల్లో ఆ పాట మోగని టీ కొట్టు లేదు, పెళ్లి లేదు. పాడినాయన ఆ ఒక్క పాటతో ఊళ్లన్నీ ఊపేసి, మళ్లీ ఎక్కడా వినబడలేదు. కర్నూలు నుంచి కొత్తగా పనిలో చేరిన అమ్మాయి నా పక్కన కళ్లు మూసుకుని తల ఊపుతోంది. నాకేమో ఆ పాటంటే ఇప్పటికీ భయం.

మాది అంచెట్టి దగ్గర అడవిని ఆనుకున్న పల్లె. నాయన గోడలు కట్టే బేల్దారి పని చేస్తూ హోసూరులోనే ఉండేవాడు, ఆదివారం వచ్చేవాడు. మా ఐదు ఆవులనూ మేపేది అమ్మే. ఆ అడవిలో ఏనుగులు తిరుగుతాయి. అందుకే మా వైపు ఆవులు మేపేవాళ్లు అరచేతిలో పట్టే పాటల డబ్బా ఒకటి వెంట తీసుకెళ్తారు. మనుషులున్నారని ముందే తెలిస్తే ఏనుగే తప్పుకుంటుందని నమ్మకం. అమ్మ డబ్బా ఒకసారి వానకు తడిసి, మెమరీ కార్డులో పాటలన్నీ పోయి ఈ ఒక్కటే మిగిలింది. వేరేవి ఎక్కించుకొస్తానంటే ఒప్పుకోలేదు.

"ఆవులు దీనికే అలవాటు పడినాయి పాపా. ఈల ఇంటే చాలు, ఇంటికి మళ్లుతాయి. కొత్త పాట పెడితే యాడికి పోతాయో ఏమో," అంది.

పొద్దు వాలేటప్పుడు కొండ మీద నుంచి ఈల వినబడితే నేను సంగటికి ఎసరు పెట్టేదాన్ని. వినబడనంతసేపూ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగేదాన్ని. ఏడుపొచ్చేది, అమ్మ మీద కోపమూ వచ్చేది. పాట వినబడిందంటే అమ్మ క్షేమం, అంతే నాకు తెలిసింది.

ఆ రోజు పాట కాస్త ముందే వినబడింది. హమ్మయ్య అనుకుని ఎసరు పెట్టాను. పాట మలుపు తిరిగింది, చెరకు తోట దాటింది, వాకిట్లోకి వచ్చేసింది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాను. ఐదు ఆవులూ ఉన్నాయి. డబ్బా ఎర్రావు మెడలో వేలాడుతూ పాడుతోంది. అమ్మ లేదు.

దారి వైపు చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. పాట అయిపోయి మళ్లీ ఈలతో మొదలైంది. అంత దరిద్రపు పాట లోకంలో మరొకటి ఉండదనిపించింది.

పక్కింటి చిన్నాయన గోడ మీదుగా తొంగి చూశాడు. "మీ అమ్మ వచ్చేసింది కదా పాపా, పాట వింటిని," అన్నాడు.

"పాటే వచ్చింది చిన్నాయనా. అమ్మ రాలేదు."

ఆయన పరుగున వెళ్లి నలుగురిని పోగుచేసుకొచ్చాడు, ఏనుగును తరమడానికి పళ్లేలు, టపాకాయలు పట్టుకుని. నన్ను ఈడే ఉండమన్నాడు. నేను వింటానా, వెనకే నడిచాను. అడ్డదారిలో వెదురు విరిగి పడి ఉంది. ఏనుగు లద్దె ఇంకా వెచ్చగానే ఉందని ఎవరో అన్నారు. ఇక చూడబోయేది ఏమిటో అని తల దించుకునే నడిచాను.

అమ్మ ఒక బండ సందులో ముడుచుకుని కూర్చుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. చీలమండ వాచిపోయింది. కట్టెలేరుకోవడానికి రెండు చేతులూ కావాలని డబ్బాను ఆవు మెడకు కట్టిందట. ఏనుగు మధ్యలోకి వచ్చేసరికి ఆవులు ఒక వైపు పరుగెత్తాయి, ఆమె ఇంకో వైపు దూకింది.

చిన్నాయన వీపు మీద మోసుకొచ్చాడు. ఇంట్లో ఎసరంతా ఇగిరిపోయి గిన్నె మాడుతుంటే అమ్మ కంటబడకముందే దించేశాను. అమ్మ చెంబెడు నీళ్లు తాగింది. ఏనుగును అంత దగ్గరగా చూసి ఎంత భయపడ్డావో అన్నాను.

"అది కొంచేపు నిలబడి పోయింది పాపా. అది పోయినాకే నాకు భయమేసింది. లేస్తామంటే కాలు రాలేదు. పాట దిగువకి పోతా ఉంది. ఆడ నువ్వు ఇంటావు, అమ్మ వస్తా ఉందని ఎసరు పెట్టుకుంటావు, ఇంక నన్ను ఎవరూ ఎతకరు అనుకున్నాను," అంది.

నేను ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎసరు పెట్టిన సంగతి మాత్రం చెప్పలేకపోయాను.

ఇప్పుడు రెండే ఆవులు. వద్దన్నా వినదు, ఇంకా మేపుతూనే ఉంది. డబ్బా మాత్రం నడుముకు కట్టుకుంటుంది.

మొన్న బస్సులో ఆ పాట అయిపోయేదాకా ఆగలేక అమ్మకు ఫోను చేశాను. ఎత్తింది. అవతల నుంచి అదే ఈల, అదే డప్పు. పాట వెనక అమ్మ గొంతు కోసం ఫోను చెవికి నొక్కి పెట్టుకున్నాను.

"ఈడే ఉన్నాను పాపా," అంది అమ్మ, నేను అడగకముందే.