పీట అంచు

2014 జూలై 7, సోమవారం నాడు నన్ను మౌల్డింగ్ షాపు తనిఖీ నుంచి కొత్త వస్తువుల పరీక్ష గదికి మార్చారు. నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ కుర్చీలు, బకెట్లు, పీటలు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. అప్పటికి నా సర్వీసు ఇరవై ఆరేళ్లు, హోదా సీనియర్ ఇన్‌స్పెక్టర్. కొత్త వస్తువు ఏదైనా ముందు అల్యూమినియం అచ్చులో కొద్ది నమూనాలుగా వస్తుంది. వాటిని నేను పరీక్షించి రిలీజ్ షీటు మీద సంతకం పెడితే, టూల్‌రూమ్ వాళ్లు అసలు అచ్చు కోసం ఉక్కు దిమ్మను కోస్తారు. కోసిన ఉక్కును మళ్లీ అతికించడం కుదరదు. అందుకే ఆ సంతకానికి అంత విలువ.

ఆ గదిలో నాకు అబ్బిన అలవాటు ఒకటుంది. కుర్చీని గానీ, పీటను గానీ ముందు తిరగేసి చూస్తాను. వేడి ప్లాస్టిక్ అచ్చులోకి దిగిన చోట చిన్న బొడిపె ఉంటుంది. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోట సన్నని గీత ఉంటుంది. బరువును మోసే పక్కటెముకల్లాంటి పట్టీలు ఉంటాయి. చేసినవాడు ఎక్కడ శ్రద్ధ పెట్టాడో, ఎక్కడ తొందరపడ్డాడో అడుగుభాగం చెప్పేస్తుంది. పైభాగాన్ని కంటికి నచ్చేలా ఎవరైనా చేయగలరు.

ఆ ఆగస్టులో నా ముందుకు వచ్చింది స్నానాల గదుల్లో, కుళాయిల దగ్గర వాడే చిన్న పీట. గీసినవాడు ప్రణీత్. హన్మకొండ నుంచి వచ్చి, డిజైన్ చదివి, మా దగ్గర ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడు. అతని ఉద్యోగం ఖాయం కావాలంటే ఈ పీట బజారుకు వెళ్లాలి. తిరగేసి చూశాను. అడుగున కూడా శుభ్రమైన పని. పట్టీలన్నీ ఒకే మందం, ఎక్కడా గుంట లేదు. పైపలక పొడవు 300 మిల్లీమీటర్లు, వెడల్పు 220. కాళ్లను నాలుగు వైపులా 45 మిల్లీమీటర్లు లోపలికి జరిపాడు. దూరం నుంచి చూస్తే పలక గాలిలో నిలిచినట్టుండేది. ఇరవై ఆరేళ్లలో నా చేతికి వచ్చిన పీటల్లో అంత అందమైనది లేదు. ఆ మాట అతనితో అన్నాను కూడా. అలాంటి మాటలు నేను ఎక్కువగా అనను.

షీటులో పదమూడు గడులు. నడిమధ్యలో వంద కిలోల ఇసుక మూటలు ఇరవై నాలుగు గంటలు ఉంచాం. కాళ్లు మూడు మిల్లీమీటర్ల వరకు విచ్చుకోవచ్చు, ఒకటిన్నరే విచ్చుకున్నాయి. మీటరు ఎత్తు నుంచి సిమెంటు నేల మీదికి పదిసార్లు వదిలాం. సబ్బునీళ్లలో నానబెట్టాం. పదమూడో గడి, ఇన్‌స్పెక్టరు స్వయంగా పది నిమిషాలు కూర్చుని చూడడం. ఫైలు ఒళ్లో పెట్టుకుని, నడుము నిటారుగా ఉంచి, గడియారం చూస్తూ కూర్చున్నాను. అన్నిట్లో పాసయింది. ఆగస్టు 21, గురువారం సాయంత్రం నాలుగింటికి సంతకం పెట్టాను. మరునాడు మూడు గంటలకు ఉక్కు కోత మొదలవుతుందని టూల్‌రూమ్ పెద్ద నర్సింగరావు కబురు పంపాడు.

పరీక్ష అయిన నమూనాను అమ్మకూడదు, పారేయబుద్ధి కాదు. అందుకని మా ఫ్యాక్టరీలో అవన్నీ క్యాంటీన్‌కు చేరేవి. అక్కడ ఏ రెండు కుర్చీలూ ఒక జత కావు. నేనే ఒక పీటను తీసుకెళ్లి, గిన్నెలు తోమే యాదమ్మకు ఇచ్చాను.

శుక్రవారం ఒంటిగంటా పదికి టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్లాను. యాదమ్మ పాత రంగు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. కొత్త పీట గోడ వారగా, దాని మీద పీచూ సబ్బూ. ఎందుకలా పెట్టావని అడిగాను.

“సూడనీకి మస్తుంది మేడం. కూసుంటెనే పడేస్తది. పొద్దుగాల్ల ఇడ్లీ గిన్నెలు తోముతుంటె రెండుసార్లు ముంగటికి గూలిన.”

నేను పది నిమిషాలు కూర్చున్నానని, ఏమీ కాలేదని చెప్పాను.

“ఎట్ల కూసున్నరు?”

కూర్చుని చూపించాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“పెండ్లిపిల్ల లెక్క కూసుంటె ఏ పీటైనా ఏం జేస్తది మేడం? గీ గంజు తోమి సూడుండ్రి జర.”

చీర కుచ్చిళ్లు దోపుకుని, మోకాళ్లు ఎడం చేసి, గంజు మీదికి వంగాను. నాకు తెలియకుండానే పీట ముందు అంచుకు జరిగాను. వెనక కాళ్లు నేల వదిలాయి. చెయ్యి గంజుకు ఆన్చకపోతే తడి బండ మీద పడేదాన్ని. గదిలోంచి టేపు తెచ్చి కొలిచాను. పలక 220, కాళ్ల మధ్య 130. అంచు 45 మిల్లీమీటర్ల కింద ఆధారమే లేదు. లెక్క రెండు రోజులుగా నా కాగితం మీదే ఉంది. ఆ తీసివేత నేను చేయలేదు.

ఒకటీ నలభైకి టూల్‌రూమ్‌కు వెళ్లి కోత ఆపమన్నాను.

“ఆపుతం మేడం,” అన్నాడు నర్సింగరావు, “గని నోటితోని కాదు. మీ సంతకం మీరు వాపస్ తీసుకున్నట్టు కాగితం రాసియ్యుండ్రి.”

అంతవరకు నేను పెట్టిన సంతకం ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. మేనేజరు ఒకటే అడిగారు, ఏ గడిలో ఫెయిలైందని. ఏ గడిలోనూ కాలేదు. అయితే తప్పు పరీక్షదా, పరీక్షించినవారిదా అన్నారు. పరీక్షించినది నేనే కాబట్టి నాది అని రాసిచ్చాను. కోత ఆగింది. ఆ మెమో నా సర్వీసు ఫైలులో చేరింది.

ప్రణీత్ ముఖం వాడిపోయింది. “కాళ్లు బయటికి తెస్తె బజార్ల దొరికే పీటలెక్కనే అయితది మేడం. మరి నేను చేసిందేంది?” అన్నాడు. అతన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి ఇడ్లీ గిన్నె తోమమన్నాను. ప్యాంటు మడిచి కూర్చున్నాడు. గిన్నె అడుగుకు చెయ్యి చాచగానే ముందుకు తూలి, అరచెయ్యి తడి నేల మీద ఆన్చాడు.

“సారూ, నువ్వు గీసిన పీటనే నిన్ను గుర్తువడ్తలేదు గదనే!” అంది యాదమ్మ.

అతను లేవలేదు. అదే పీట మీద ఇంకో మూడు గిన్నెలు తోమాడు. ఏ గిన్నెకు ఎంత వంగాల్సి వస్తోందో, ఎప్పుడు తూలుతోందో యాదమ్మను అడిగి తెలుసుకున్నాడు. చేతులు తుడుచుకుని పుస్తకంలో రాసుకున్నాడు.

పదకొండు రోజులకు, సెప్టెంబర్ 2న, కొత్త డ్రాయింగ్ తెచ్చాడు. కాళ్లు పలక అంచు నుంచే మొదలై, కిందికి వచ్చేసరికి ఒక్కో వైపు 10 మిల్లీమీటర్లు బయటికి వాలాయి. నేల మీద 240. పలక అంచులు గుండ్రంగా కిందికి దిగి కాళ్లలో కలిసిపోయాయి. గాలిలో తేలడం పోయింది. నేలను పట్టుకుని నిలబడిన తీరు వచ్చింది. నమూనాలు వచ్చాక చూస్తే, కాళ్లు వాలడంతో పీటలు దొంతరగా ఒకదానిలో ఒకటి దిగసాగాయి. ఆ ప్రయోజనం ముందుగా ఎవరం అనుకోలేదు. అక్టోబర్ 17న రెండోసారి సంతకం పెట్టాను. మొదటి సంతకం నుంచి లెక్కేస్తే యాభై ఏడు రోజుల ఆలస్యం. ప్రణీత్ ప్రొబేషన్‌ను మూడు నెలలు పొడిగించి, తర్వాత ఖాయం చేశారు. యాదమ్మకు కొత్త పీట వచ్చింది, రంగు డబ్బా మళ్లీ తుక్కులోకి వెళ్లింది.

అతని మొదటి పీట ఒకటి రామంతాపూర్‌లో మా ఇంట్లో ఉంది. దాని మీద పూలకుండీ పెట్టాను. ఆ పనికి అది చాలా బాగుంటుంది.

షీటులో పద్నాలుగో గడి నేను చేర్పించాను: ‘అంచున కూర్చుని, ముందుకు వంగి, రెండు చేతులతో పనిచేస్తూ, తడి నేల మీద, ఇరవై నిమిషాలు.’ 2019లో నేను రిటైరయ్యేనాటికి ఆ గడిలో నాలుగు పీటలు ఆగిపోయాయి. పెళ్లయిన నాటి నుంచి నేను ఇంట్లో పీట అంచునే కూర్చుని బట్టలు ఉతికాను. పరీక్ష గదిలో మాత్రం ఇన్‌స్పెక్టరులా కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఏ వస్తువునైనా ముందు తిరగేసి చూస్తాను, తర్వాత దానితో పని చేస్తాను. అందంగా ఉందో లేదో ఆ తర్వాతే చెబుతాను.