పోగు!

గద్వాల చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి, అంచుకు ఒకరు. ఆడబిడ్డ కొత్తకోటకు వెళ్లిపోయాక జమ్ములమ్మ ఎడమ పక్క ఖాళీగానే ఉంది. పక్కన కూర్చుని నేసే మనిషి కోసం ఆమె అడగని ఇల్లు లేదు. ఫోన్‌లోని ఆటకు ఆ బాధ లేదు. మధ్యాహ్నం అన్నం తిని, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, "జట్టు వెతుకు" అన్నచోట వేలు నొక్కితే చాలు, ముక్కూమొహం తెలియని ఇరవై మందిని అదే కూడగట్టి కొండంత రాక్షసుడి ముందు నిలబెడుతుంది. "అబ్బ, అప్పుడే నిండింది!" అని జమ్ములమ్మ ప్రతిసారీ చప్పట్లు కొడుతుంది.

ఆటలో ఆమెది గాయాలు మాన్పే పని. ఆత్రం పెరిగేకొద్దీ ఆమె కాళ్లు కింద తొక్కుడు చెక్కలను వాటంతటవే తొక్కుతుంటాయి. నిన్న రాక్షసుడి ప్రాణం కొసకొచ్చింది. ఆ ఊపులో ఆమె గట్టిగా తొక్కేసరికి మగ్గం మీద నిజంగానే ఒక దారం తెగింది. "పోగు!" అని అలవాటుగా మైకులో అరిచింది. మగ్గం మీద ఆ కేక వింటే పక్కమనిషి చేతులాపాలి. ఆటలో అందరూ కొడుతూనే ఉన్నారు, ముందు డాలు పట్టుకున్న ఒక్కరు తప్ప. డాలు ఆగగానే రాక్షసుడు జట్టునంతా ఊడ్చేశాడు. మిగతా అందరూ తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

"పోగు అన్నరు గద, చేతులు ఆగిపోయినయ్," అంది డాలు పట్టిన ఆడపిల్ల గొంతు.

జమ్ములమ్మ ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుంది. "మగ్గపోళ్ల పిల్లవా? యాడుంటవు?"

"గద్వాలనే అమ్మా. అమరచింత నుంచి కొత్తగ వచ్చినం. పని ఇంకా దొరకలే."

జమ్ములమ్మ అప్పటికే కొంగుతో పక్కన దుమ్ము దులుపుతోంది.

"ఎడమంచు నీదే బిడ్డా. జల్ది రా!"